మన నీళ్ల చరిత్ర – 7: నక్కవాగు లెక్కలో లేని ఇల్లు



ముందుగాల ఒక నెంబరు రాసుకోండి. రిట్ పిటిషన్ (సివిల్) 1056, సంవత్సరం 1990, సుప్రీంకోర్టు. లా చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు దీన్ని ఎక్కడో ఒకచోట చూసే ఉంటరు. పాత మెదక్ జిల్లా పటాన్‌చెరు, బొల్లారం కంపెనీల నీళ్లు ఊళ్లను నాశనం చేస్తున్నయని ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ అనే సంస్థ వేసిన కేసు అది. సుప్రీంకోర్టు నుంచి 2001లో మన హైకోర్టుకు వచ్చింది. అక్కడి నుంచి చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు పోయింది. తీర్పు 2017 అక్టోబర్‌లో వచ్చింది. ఇరవై ఏడేండ్లు. కేసు వేసిన నాడు పుట్టిన ఆడపిల్ల తీర్పు నాటికి ఇద్దరు పిల్లల తల్లి అయి ఉంటది.

పోయిన భాగంలో మనం కారంచేడు దగ్గర ఆగినం. 1985 జూలైలో మాదిగలు తాగే నీళ్ల చెరువు కాడ బర్రె కుడితి బకెట్టు కడుగుతుంటే కత్తి చంద్రయ్య అడ్డుకున్నడు. అతన్ని కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తింది. తెల్లారి, జూలై 17న, ఆరుగురిని చంపిన్రు. ఆ చెరువు నుంచి ఒకేసారి పటాన్‌చెరుకు ఎట్ల వచ్చినవని కొందరు అడుగుతరు. రెండింటి కాలం ఒకటే. కారంచేడులో ఆ బకెట్టు నీళ్లు చెరువులో పడ్డ ఏండ్లలోనే నక్కవాగులో కంపెనీ నీళ్లు పారుతున్నయి. ఒక దానిని కులం కథ అన్నరు, రెండో దానిని పర్యావరణం కథ అన్నరు. రెండు వేరు వేరు అలమరల్లో పెట్టిన్రు. నేను వాటిని ఒక్క అలమరలోకి తేవాలని చూస్తున్న.

నక్కవాగు గురించి రాసినోళ్లు తక్కువేం లేరు. పటాన్‌చెరులో వైద్యం చేసుకుంట, వచ్చే రోగాలను చూసి, వాటి వెనకున్న కారణాన్ని పట్టుకుని జీవితమంతా కొట్లాడిన డాక్టర్ అల్లాణి కిషన్‌రావు ఉన్నడు. హైదరాబాద్‌లోని ఎన్జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు ఆ మట్టిలో భారలోహాలు ఎంతున్నయో కొలిచి రాసిన్రు. గ్రీన్‌పీస్ 2004లో ఊళ్లల్లో ఆరోగ్య సర్వే చేసి అచ్చేసింది. వాళ్ల కష్టం మీదనే నేను ఇది రాస్తున్న. నాకున్న ప్రశ్న ఒక్కటే: జరిగిన నష్టాన్ని దేనితో కొలిచిన్రు?

ఆ ప్రశ్నకు పోయేముందు ఆ నీళ్లు అక్కడికి ఎట్ల వచ్చినయో చూడాలె. కంపెనీలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1961లో కేంద్ర ప్రభుత్వం ఐడీపీఎల్ పెట్టింది. దాని మందుల ఫ్యాక్టరీ ఒకటి హైదరాబాద్ బాలానగర్‌లో వచ్చింది. మందు తయారు చేసుడు నేర్చుకున్న కెమిస్టులు, ఇంజనీర్లు ఒక తరం అక్కడ తయారైన్రు. వాళ్లలో చాలామంది తర్వాత సొంత కంపెనీలు పెట్టిన్రు. 1970లో పేటెంట్ చట్టం మారింది, 1972 నుంచి అమల్లోకి వచ్చింది. మందు మీద కాకుండా, మందు చేసే పద్ధతి మీద మాత్రమే పేటెంట్ అన్నది ఆ చట్టం. అంటే ఇంకో పద్ధతిలో అదే మందు చేస్తే తప్పు కాదు. మంచి చట్టమే. పేద దేశాలకు సస్తా మందు దొరికింది ఆ చట్టంతోనే. మన కొడిమ్యాల మెడికల్ షాపులో ఒక పత్తా గోలీలు పది ఇరవై రూపాయలకు వస్తున్నయంటే ఆ చట్టం పుణ్యం కొంత ఉన్నది. ఆ సస్తా ధరలో ఎవరి వాటా కలిసి ఉన్నదో గోలీ పత్తా మీద రాసి ఉండదు.

ఇక మెదక్ జిల్లా. వెనకబడ్డ జిల్లాలో కంపెనీ పెడితే రాయితీలు. పక్కనే రాజధాని, పక్కనుంచే బొంబాయి రోడ్డు. 1970ల నడుమ నుంచి పటాన్‌చెరు, తర్వాత బొల్లారం, పాశమైలారం, ఖాజీపల్లి, గడ్డపోతారం దిక్కు కంపెనీలు బారులు తీరినయి. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి, రాయ్‌బరేలీ నుంచి గెలిచి మెదక్‌నే ఉంచుకున్నది. ప్రధానమంత్రి నియోజకవర్గం అన్న పేరు కూడా జతైంది. అదే పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉన్నది. మెట్ట పంటల మీద పెద్ద పరిశోధనా కేంద్రం. దాని ప్రహరీ లోపల జొన్న, కంది, పల్లి మీద పరిశోధన. ప్రహరీ బయట కొంతదూరం పోతే జొన్న మొలవని భూమి. ఇది కల్పన అయితే నా స్టూడెంట్లు 'సార్, మరీ అతి' అనేటోళ్లు.

చట్టాలు లేక ఇది జరిగిందని అనుకోకండి. నీటి కాలుష్య నియంత్రణ చట్టం 1974లోనే వచ్చింది. మన రాష్ట్రంలో కాలుష్య నియంత్రణ మండలి 1976లో పెట్టిన్రు. అంటే అక్కడ చాలా కంపెనీలకంటే మండలి వయసే పెద్దది.

మందు తయారీలో వ్యర్థం ఎందుకంత వస్తదో కూడా తెలుసుకోవాలె. చక్కెర మిల్లులాంటిది కాదు ఇది. ఒక మందు తయారు కావడానికి నాలుగైదు, ఒక్కోసారి పది మెట్లు. మెట్టు మెట్టుకు ద్రావకాలు, ఆమ్లాలు, ఉప్పులు. కావలసినంత తీసుకుని మిగతాది పారబోయడమే. రోజర్ షెల్డన్ అనే రసాయన శాస్త్రవేత్త 1992లో వేసిన లెక్క ప్రకారం ఒక కిలో మందుకు 25 నుంచి 100 కిలోల దాకా వ్యర్థం వస్తది. పెట్రోలు శుద్ధిలో కిలోకు పావు కిలో కూడా రాదు. ఈ వ్యర్థాన్ని శుభ్రం చేయడానికి ఖర్చు ఉన్నది. వాగులో వదిలేస్తే ఖర్చు లేదు. ఖర్చు లేదంటే కంపెనీకి లేదని అర్థం.

వాగులు ఇసుకవాగు, పామువాగు, నక్కవాగు. పోచారం, ఆరుట్ల, చిద్రుప్ప, ఇస్మాయిల్‌ఖాన్‌పేట లాంటి ఊళ్లను ఒరుసుకుంట పోయి నక్కవాగు మంజీరలో కలుస్తది. మంజీర నిజాంసాగర్ మీదుగా పోయి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తది. అక్కడి నుంచి శ్రీరాంసాగర్, కాకతీయ కాలువ, మన జగిత్యాల పొలాలు. అంత దూరం వచ్చేసరికి ఎంత పలచబడుతదో లెక్క వేరు, మన పొలంలో మందు పారుతుందని నేను అనట్లేదు. వాగుకు జిల్లా సరిహద్దు తెలియదని మాత్రం గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఒక ఇంటి లెక్క రాద్దాం.

ఇది ఫలానా ఊర్లో ఫలానా మనిషి ఇల్లు కాదు. పేరు పెట్టను. 1970లో వాగు ఒడ్డున ఉన్న తెలంగాణ ఊర్లో, భూమి లేని ఒక మాదిగ ఇల్లు అనుకోండి. కొడిమ్యాల, మల్యాల, గంగాధర దిక్కు మాదిగ గూడెంలో పుట్టినోళ్లు ఎవరైనా తమ అవ్వనడిగి ఈ లెక్క నింపవచ్చు. తల్లి, తండ్రి, ముసలి అవ్వ, నలుగురు పిల్లలు. పట్టా భూమి సున్న. రెవెన్యూ రికార్డులో తరి సున్న, ఖుష్కి సున్న. పటేల్ పట్వారీ పుస్తకంలో ఈ ఇల్లు లేనట్టే.

కానీ వాగు పుస్తకం తెరిస్తే ఈ ఇంటికి పేజీలకు పేజీలు ఉన్నయి. ఊరి బావి మీదికి రానియ్యరు కాబట్టి తాగే నీళ్లు వాగు ఇసుకలో చెలిమె తోడుకోవడమే. ఈ ఒక్క ముక్క దగ్గర ఆగండి. ఊరోళ్లు బావి నీళ్లు తాగుతరు, మనోళ్లు వాగు నీళ్లు తాగుతరు. వాగు చెడితే ముందు చెడేది ఎవరి కుండ? అంటరానితనమే మనల్ని వాగుకు అందరికంటే దగ్గరగా కూచోబెట్టింది. అదే దగ్గరితనం విషానికి కూడా మనల్ని దగ్గర చేసింది. ఊరికి బోరు వచ్చినంక కూడా, పైపు వాడకు రావడానికి ఎన్నేండ్లు పట్టిందో మీ మీ ఊళ్లల్లో అడగండి.

ఇంకా రాయండి. పాలుకు తెచ్చుకున్న బర్రె ఒకటి. అది మేసేది వాగు ఒడ్డు, తాగేది వాగు నీళ్లు. వానాకాలం ఎదురెక్కే పరకలు, జెల్లలు, మడుగులో కొర్రమట్ట, ఒడ్డు బొరియల్లో ఎండ్రికాయలు. పిల్లలు పట్టుకొస్తే ఆ పూట కూర అదే, పైస ఖర్చు లేదు. పొన్నగంటి కూర ఒడ్డు మీద దొరుకుతది. తుంగ కోసి అల్లితే పడుకునే చాప, ఈత మండలతో చీపుర్లు. తోలు ఊనడానికి నీళ్లు, తంగెడు చెక్క, సున్నం. నాట్లకు పోతే తల్లికి కూలి, కోతలకు పోతే కూలితో పాటు పరిగె. చెప్పులు, వారు, డప్పు పనికి ఏడాదికి ఇంత వడ్లు అని మేర. తండ్రి నీరటి అయితే ఇంకో నాలుగు కుంచాలు.

నీరటి గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. తెలంగాణ చెరువు కింద ఏ మడికి ఎప్పుడు నీళ్లు, తూము ఎంత లేపాలె, కట్ట ఎక్కడ కారుతుంది, అలుగు ఎప్పుడు పారుతది, ఇవన్నీ తెలిసినోడు నీరటి. చాలా ఊళ్లల్లో మాల, మాదిగ ఇండ్ల నుంచి వచ్చినోడు. రాత్రి లేచి కట్ట మీద తిరిగింది అతను. కాకతీయుల చెరువుల గురించి మా యూనివర్సిటీలల్లో ఎన్ని సెమినార్లు జరిగినయో లెక్కలేదు. శాసనాల్లో తవ్వించిన రాజు పేరు, రెడ్డి పేరు ఉంటది. తూము లేపినోని పేరు ఏ రాయి మీద ఉండదు. నీళ్లను అందరికి పంచినోడికి ఆ నీళ్ల కింద గుంటెడు మడి లేదు.

ఇప్పుడు ఇదే ఇంటిని 1980ల చివరికి తీసుకురండి. వాగు రంగు మారింది, నురగ కడుతుంది, వాసన వస్తుంది. చెలిమె పోయింది. ఇసుకలో ఊరేది కూడా అదే నీరు కదా. చేపలు తేలి చచ్చినయి. అక్కడ చెరువుల మీద బతికే ముదిరాజులకు వల మూలన పడ్డది, చాకలోళ్లకు రేవు పోయింది. ఒడ్డు గడ్డి మేసిన పశువులు చచ్చినయి, ఈసుకపోయినయి. నాటుకు దిగిన ఆడోళ్ల కాళ్లకు దురద, పుండ్లు. వరి మొలవలేదు, మొలిస్తే తాలు. రెండు మూడు ఏండ్లు చూసి రైతు మడిని బీడు పెట్టిండు. మడి బీడు అయితే రైతుకు పంట పోయింది, నిజమే, ఆ బాధ చిన్నది కాదు. కానీ అదే మడిలో పదిమంది ఆడోళ్ల నాటు కూలి, కలుపు కూలి, కోత కూలి, పరిగె, గడ్డి, మేర అన్నీ ఒక్కసారి పోయినయి.

ఇంకో మాట. పశువు చస్తే తీసేది ఎవరు? వేల ఏండ్ల నుంచి మనకంటగట్టిన పని. విషం తాగి చచ్చిన గొడ్డు తోలు ఎవరి చేతిలో పడ్డది, ఆ మాంసం ఏ గూడెంలో ఉడికి ఉంటది? పర్యావరణ నివేదికల్లో 'పశు నష్టం' అన్న కాలమ్ ఉంటది. చచ్చిన పశువు ఊరి బయటకు ఎవరి భుజం మీద పోయిందో రాసే కాలమ్ నేను ఒక్క నివేదికలో కూడా చూడలేదు.

ఇప్పుడు నష్టపరిహారం దగ్గరికి వద్దాం. సుప్రీంకోర్టు జిల్లా జడ్జితో విచారణ చేయించింది, నష్టం జరిగిందని ఒప్పుకున్నది, పరిహారం ఇయ్యమన్నది. కోర్టును తక్కువ చేసి మాట్లాడట్లేదు. ఆ కాలంలో అంత దూరం వచ్చుడే పెద్ద గెలుపు. 'కలుషితం చేసినోడే ఖర్చు పెట్టుకోవాలె' అన్న సూత్రాన్ని ఇదే సంస్థ వేసిన ఇంకో కేసులో, రాజస్థాన్ బిచ్చ్‌డీ ఊరి కేసులో, 1996లో సుప్రీంకోర్టు గట్టిగ నిలబెట్టింది. పటాన్‌చెరులో ఆ పరిహారాన్ని ఎట్ల కొలిచిన్రంటే ఎకరాల్లో. తరికి ఒక రేటు, ఖుష్కికి ఒక రేటు. పాస్‌బుక్కు తేవాలె, సర్వే నెంబరు చూపించాలె. నక్కవాగు మీద బతికిన మన ఇంటికి సర్వే నెంబరు ఏది? చెలిమెకు పట్టా ఉంటదా? పరిగెకు పహాణి ఉంటదా? కౌలుకు చేసినోడు కూడా ఇంతే, కాగితం మీద పేరు లేకుంటే లేనట్టే.

దీని వెనక ఎవరో కుట్ర చేసిన్రని నేను చెప్పను. కుట్ర అయితే ఒకనాడు బయటపడుతుండె. ఇది అంతకంటే లోతైంది. నష్టం అంటే ఆస్తికి జరిగేదని, ఆస్తి అంటే భూమి అని అర్జీ రాసిన లాయరుకు, కొలిచిన గిర్దావరుకు, ఉద్యమం చేసిన రైతుకు, తీర్పు రాసిన జడ్జికి అందరికి సహజంగ తోచింది. తరతరాలుగ భూమి రానియ్యకపోవడం ఒక అన్యాయం. భూమి లేదు కాబట్టి మీకు నష్టమే జరగలేదనడం దాని మీద కూచున్న రెండో అన్యాయం. మొదటిది మనువు చేస్తే రెండోది మంచి మనసున్నోళ్లు చేసిన్రు.

భూమి ఉన్న దళితుల సంగతి చూద్దాం. ఉన్నదాంట్లో ఎక్కువ భాగం లావుణి పట్టా, అంటే సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూమి. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మరాదు, కొనరాదు. మన భూమి మన చేతి నుంచి జారకుండా తెచ్చిన చట్టం, మంచిదే. కానీ సర్కారుకే అవసరం పడ్డప్పుడు 'మేమిచ్చిందే కదా' అని వాపసు తీసుకున్నది. పరిశ్రమలకు ముందుగాల కంటపడేది ఎప్పుడూ అసైన్డ్ భూమే, ఎందుకంటే అడిగేటోడు ఉండడు. ఇచ్చినా పట్టా రైతుకు ఇచ్చినంత ఇయ్యలేదు. 2004లో మేకల పాండు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం అసైన్డ్ భూమి తీసుకున్నా పట్టాదారుకు ఇచ్చినట్టే పరిహారం ఇయ్యాలన్నది. లా స్టూడెంట్లు ఈ తీర్పు మొత్తం చదవండి, పరీక్ష కోసం కాదు. 2004 అంటే పటాన్‌చెరు, బొల్లారం అప్పటికే నిండిపోయినయి.

ఇదే కాలంలో మన దిక్కు ఏం జరిగిందో గుర్తున్నదా? 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్ర. వెట్టి వద్దని, దొరలు ఆక్రమించిన బంజరు పేదలకు రావాలని వేలమంది రోడ్డెక్కిన్రు. ఆ అక్టోబర్‌లోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించిన్రు. ఇక్కడ పేదలు భూమి మీద జెండా పాతితే కల్లోలం. అక్కడ కంపెనీ వాగులో పైపు పెడితే అభివృద్ధి. రెండూ ఒకటే రాష్ట్రం, ఒకటే సర్కారు, ఒకటే దశాబ్దం. మన ఉద్యమాల చరిత్ర రాసినోళ్లకు కూడా నాదొక ఫిర్యాదు ఉన్నది. భూమి గురించి వెయ్యి పేజీలు రాసిన్రు, ఆ భూమి మీద పారే నీళ్లు చెడిపోతే ఏమైతదో పది పేజీలు రాయలేదు. భూమి వస్తే నీళ్లు వాటంతట అవే వస్తయనుకున్నరు.

తెలుగు సాహిత్యం చదివినోన్ని కాబట్టి ఒక మాట మీద కాసేపు నిలబడనియ్యండి. కాలుష్యం. కలుషం అంటే మురికి, మడ్డి, పాపం కూడా. మన భాషలో దీనికి పాతదొక చుట్టం ఉన్నది, మైల. మైల మనిషి నుంచి వస్తదన్నరు, ఒక రకం మనిషి నుంచే వస్తదన్నరు. 1927 మార్చి 20న మహాడ్ చౌదార్ చెరువులో బాబాసాహెబ్ నీళ్లు ముట్టిండు. తర్వాత సవర్ణులు ఆవుపేడ, ఆవు పంచితం, పాలు, పెరుగు కలిపిన 108 కుండలు ఆ చెరువులో కుమ్మరించి శుద్ధి అయిందన్నరు. మనిషి దోసిలి ముంచితే మైల, పేడ కుమ్మరిస్తే శుద్ధి. నక్కవాగులో లారీలకు లారీల రసాయనం కుమ్మరించినా ఎవ్వరు కుండలు పట్టుకుని ఉరికి రాలేదు. దళితుడి చెయ్యి తగిలితే కనిపెట్టే ముక్కు ఈ దేశానికి ఉన్నది. ద్రావకాల వాసన పట్టే ముక్కు మాత్రం ముప్పై ఏండ్లు పని చెయ్యలేదు.

వాసనకు అందని సంగతి ఇంకొకటి 2007లో బయటపడ్డది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ యూనివర్సిటీ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఎన్విరోటెక్, అంటే దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థాన్ని శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంటు నుంచి బయటికి వచ్చే నీళ్లను పరీక్షించింది. శుద్ధి కాకముందటి నీళ్లు కావు, శుద్ధి అయినంక వదిలిన నీళ్లు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. రోగికి ఆ మందు ఇస్తే రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. 2009లో వచ్చిన ఇంకో పత్రంలో ఒక్కరోజు ఆ నీళ్లతో పోయే సిప్రోఫ్లాక్సాసిన్ 44 కిలోలని, అది స్వీడన్ దేశమంతా ఐదు రోజులు వాడే మందుతో సమానమని రాసిన్రు. చుట్టుపక్కల ఊళ్ల బావుల్లో కూడా మందులు దొరికినయి. ఊర్లల్ల జ్వరం వస్తే ఆర్ఎంపీ ఇచ్చే గోలీ ఇదే. అంత మందులో తిరిగి తిరిగి బతికిన సూక్ష్మజీవికి ఆ గోలీ మీద భయం పోతది. మందు పనిచెయ్యని రోగం వస్తే పైసలున్నోడు కార్పొరేట్ దవాఖానకు పోయి ఇంకో ఖరీదైన మందు వేసుకుంటడు. లేనోడు?

ఈ వార్త వచ్చినంకనే ప్రపంచానికి పటాన్‌చెరు పేరు తెలిసింది. ఎందుకంటే మందుకు లొంగని సూక్ష్మజీవి విమానమెక్కి స్వీడన్‌కు కూడా పోగలదు. తాలు పోయిన వరి విమానమెక్కదు. నాటుకు దిగిన ఆమె కాళ్ల మీద పుండు అంతర్జాతీయ సమస్య కాదు. లార్సన్ బృందం మంచి పని చేసింది, దానికి వందనం. ఎవరి దాకా వస్తే అది వార్త అయితదో కూడా చూడండి అంటున్న.

'కంపెనీలొచ్చినయి కదా, నౌకర్లు రాలేదా' అని క్లాసులో ఒక పిల్లగాడు అడిగిండు. మంచి ప్రశ్నే. వచ్చినయి. ఊడ్చే పని, డ్రమ్ములు మోసే పని, ట్యాంకు కడిగే పని, అదీ కాంట్రాక్టరు కింద. కొంతకాలానికి ఆ పనులకు బీహార్, ఒడిశా, యూపీ నుంచి మనకంటే పేదోళ్లను తెచ్చిన్రు. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీ పేలినప్పుడు 40 మందికి పైగా చచ్చిపోయిన్రు. వాళ్లలో చాలామంది ఊళ్లు ఆ రాష్ట్రాల్లో ఉన్నయి. వాళ్ల కులాల జాబితా ఎవ్వరు అడగలేదు, నాకు మాత్రం అడగాలనిపించింది.

కేసు నడుస్తుండగానే ఒక పరిష్కారం దొరికిందన్నరు. పటాన్‌చెరు ప్లాంటు నీళ్లను నక్కవాగులో వదలకుండా 18 కిలోమీటర్ల పైపు వేసి హైదరాబాద్ మురుగు కాలువలో కలిపి, అంబర్‌పేట మురుగు శుద్ధి ప్లాంటుకు పంపడం. మనుషుల మురుగును శుద్ధి చేసే ప్లాంటు అది. అక్కడి నుంచి మూసీ. మూసీ నుంచి నల్గొండ దిక్కు ఊళ్లు. నక్కవాగు ఒడ్డు వాళ్లకు కొంత ఊపిరి ఆడింది, కాదనను. మూసీ కింద వరి నాటేది కూడా ఆడోళ్లే, వాళ్లది కూడా కూలే.

ఇవన్నీ పాత ముచ్చట్లు అనుకుంటే మన జగిత్యాల జిల్లాలోనే వెల్గటూరు దిక్కు ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని ఊళ్లు లేచినయి. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబర్‌లో జనం రోడ్డు మీద కూచున్నరు. అదే నెలలో కొడంగల్ దిక్కు లగచర్లలో ఫార్మా భూసేకరణకు ఎదురుతిరిగిన లంబాడీ రైతులను జైలుకు పంపిన్రు. ఆఖరుకు ఆ ఫార్మా నోటిఫికేషన్ వాపసు తీసుకున్నరు. ఈ ఉద్యమాలల్ల మన విద్యార్థులు తిరుగుతున్నరు, సంతోషం. పోయినప్పుడు ఒక పని చెయ్యండి.

2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టుకు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలె. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇయ్యాలె. నివేదిక సారాంశం తెలుగులో ఉండాలె. ఆ రోజు జనం చెప్పిన అభిప్రాయాలు, అభ్యంతరాలు అన్నీ వచ్చేటట్టు సారాంశం రాసుకుని, సభలోనే తెలుగులో చదివి వినిపించాలె. చాలాచోట్ల అక్కడ మైకు పట్టుకునేది సర్పంచి, పెద్ద రైతు, పార్టీల నాయకులు. వాళ్లు 'మా భూములు' అంటరు. మీరు ఆ సభకు ముందు పది రోజులు వాడల తిరగండి. మాల వాడ, మాదిగ వాడ, ముదిరాజుల ఇండ్లు, చాకలి ఇండ్లు, తండా. ఇంటింటికి ఒక కాగితం. భూమి ఎంత అని అడగకండి. తాగే నీళ్లు ఎక్కడివి, పశువు ఎక్కడ తాగుతది, ఏడాదికి ఎన్ని రోజులు ఎవరి మడిలో కూలి, చేపలు, గడ్డి, కట్టెలు, తునికాకు, ఈత, తుంగ, మేర. పైసల్లోకి మార్చేది మార్చండి, మారనిది మారదని రాయండి. ఆ కాగితాల కట్టను సభలో చదివి, రికార్డులో ఎక్కించమని అడిగి, అందినట్టు సంతకం తీసుకోండి. నక్కవాగు కేసులో 1990లో అట్లాంటి కట్ట ఒక్కటి కోర్టు ముందు పడి ఉంటే ఎకరాల లెక్క పక్కన ఇంకో లెక్క పెట్టక తప్పకపోతుండె.

ఇప్పటికే కొడిమ్యాల, మల్యాల దిక్కు మన నీరటి కుటుంబాల ముసలోళ్లతో మాట్లాడి రాసుకున్న పిల్లలు ముగ్గురు ఉన్నరు. తూముల పేర్లు, కాలువల పేర్లు, ఏ ఏడు అలుగు పారిందో అన్నీ వాళ్ల నోట్లో ఉన్నయి, ఏ ఇరిగేషన్ రికార్డులో లేవు. మీ ఊర్లో అట్లాంటోళ్లు బతికి ఉంటే ఈ ఎండకాలం సెలవుల్లోనే కూచోండి, వచ్చే ఏడుకు వాళ్లు ఉంటరో లేదో.

వచ్చే భాగంలో ఆ 18 కిలోమీటర్ల పైపు ఆఖరున, మూసీ కింద ఊళ్ల దగ్గర మొదలుపెడదాం.

జై భీమ్.